విదేశీ క్లబ్బుతో చేయి కలిపే ముందు

సేవా క్లబ్బులో చేరి ఏడాదో రెండేళ్లో అయినవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "విదేశాల నుంచి నిధులు తెప్పించాలంటే ఏం చేయాలండీ?" పక్క ఊరి క్లబ్బు ప్రభుత్వాసుపత్రికి డయాలసిస్ యంత్రాలు తెచ్చింది. ఇంకో ఊరివాళ్లు బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించారు. శిలాఫలకం మీద మన క్లబ్బు పేరు పక్కన ఎక్కడో అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న క్లబ్బు పేరు కూడా చెక్కి ఉంది. మన ఊరికీ అలాంటిది రావాలి. ఈ కోరికలో తప్పేమీ లేదు. కానీ డబ్బు దగ్గర మొదలైన ప్రయత్నం చాలాసార్లు డబ్బు దగ్గరే ఆగిపోతుంది. మన ఊరికి ఏది అవసరమో, ఆ పనిలో మన వంతు ఎంతో, అవతలివారికి మనం ఏమివ్వగలమో తెలుసుకుని రాసిన ఉత్తరానికే జవాబు వస్తుంది. అంతర్జాతీయ సేవ అంటే ఇద్దరు సమానులు కలిసి చేసే పని. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. నియమాలు వివరంగా చెప్పడానికి వీలుగా రోటరీని ఉదాహరణగా తీసుకున్నాను. లయన్స్ క్లబ్బులకూ సొంత అంతర్జాతీయ ఫౌండేషనూ, యువజన శిబిరాలూ ఉన్నాయి. కాగితాలు వేరైనా కావలసిన స్వభావం ఒకటే.

వీధి చివర బూత్

అంతర్జాతీయ సేవ అనగానే మన కళ్ల ముందు విమానాలు, సూట్లు, సదస్సులు మెదులుతాయి. కానీ మన దేశంలో సేవా క్లబ్బులు చేసిన అతిపెద్ద అంతర్జాతీయ సేవ వీధి చివర షామియానా కింద జరిగింది. అదే పల్స్ పోలియో.

1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకు పోలియో చుక్కలు వేయించడంతో రోటరీ ఈ పనిలోకి దిగింది. 1985లో పోలియోప్లస్ పేరుతో దాన్ని ప్రపంచమంతటికీ విస్తరించింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంతో కలిసి ఈ వ్యాధిని భూమ్మీద లేకుండా చేస్తామని నడుం కట్టింది. అప్పటికి 125 దేశాల్లో ఏటా దాదాపు మూడున్నర లక్షల మంది పోలియో బారిన పడుతున్నారు. మన దేశంలో 1995లో దేశవ్యాప్త పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్నపాపకు వచ్చిందే దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న భారతదేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తం పోలియో లేని ప్రాంతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఈ గెలుపులో ప్రభుత్వానిదీ, ఏఎన్ఎంలదీ, అంగన్‌వాడీ కార్యకర్తలదీ పెద్ద పాత్ర. మరి ఊళ్లలో క్లబ్బు సభ్యులు చేసిందేమిటి? ఆదివారం పొద్దున్నే బూత్ తెరిపించారు. ఆటోకి మైకు కట్టి చాటింపు వేయించారు. బస్టాండులో, రైల్వే స్టేషన్లో నిలబడి ప్రయాణంలో ఉన్న తల్లుల్ని ఆపారు. ఇటుక బట్టీల దగ్గరికీ, ఊరి చివర డేరాలకీ, సముద్రపు ఒడ్డున మత్స్యకారుల పల్లెలకీ వెళ్లారు. సీసా మీద వృత్తంలో ఉన్న చిన్న చతురస్రం రంగు ముదిరి వృత్తంతో సమానమైతే ఆ మందు పక్కన పెట్టాలని నేర్చుకున్నారు. చుక్కలు వేసిన పిల్లల ఎడమచేతి చిటికెన వేలికి గుర్తు పెట్టారు. కొన్ని విడతల్లో ఇతర దేశాల రోటరీ సభ్యులు సొంత ఖర్చుతో ఇక్కడికి వచ్చి అదే బూత్‌లో మనవాళ్ల పక్కన నిలబడి చుక్కలు వేశారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ క్లబ్బుల్లో చాలావాటి ఖాతాలోకి విదేశాల నుంచి ఒక్క రూపాయి కూడా రాలేదు. ప్రపంచవ్యాప్తంగా సభ్యులు ఇచ్చిన విరాళాలు అంతర్జాతీయ సంస్థల ద్వారా టీకాలకీ, నిఘాకీ ఖర్చయ్యాయి. మన సభ్యులు ఇచ్చింది సమయం, మాట, వీధి మీద తమకున్న పట్టు. ఫలానా ఇంట్లో పెద్దాయన ఒప్పుకుంటేనే కోడలు బిడ్డను బయటికి తెస్తుందనే సంగతి జెనీవాలో కూర్చున్న వైద్యుడికి తెలియదు. ఆ వీధిలో మందుల షాపు నడిపే సభ్యుడికి తెలుసు. విదేశీ భాగస్వామికి మీరు ఇవ్వగలిగిన మొదటి ఆస్తి ఇదే. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఈ వ్యాధి ఇంకా పూర్తిగా పోలేదు కనుక ఆ పోరాటమూ ముగియలేదు, మన చందా అవసరమూ తీరలేదు.

డబ్బు దారి

1917లో అట్లాంటాలో జరిగిన రోటరీ మహాసభలో అప్పటి అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్, లోకంలో మంచిపని చేయడానికి ఒక శాశ్వత నిధి ఉండాలని ప్రతిపాదించాడు. దానికి అందిన మొదటి విరాళం కాన్సాస్ సిటీ క్లబ్బు పంపిన 26 డాలర్ల 50 సెంట్లు. ఈ రోజు రోటరీ ఫౌండేషన్‌గా మనకు తెలిసిన సంస్థ అక్కడి నుంచి పెరిగింది. తమది చిన్న క్లబ్బని, ఇరవై మందే సభ్యులమని వెనకాడేవారికి నేను ఈ సంగతే చెబుతాను.

ఇక ఈ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంట్ సంగతి. పేరు పెద్దదైనా లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. పని జరిగే దేశంలో ఒక క్లబ్బు, మరో దేశంలో ఒక క్లబ్బు, రెండూ కలిస్తేనే దరఖాస్తు చెల్లుతుంది. మొత్తం బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. శాంతి స్థాపన, రోగ నివారణ, తాగునీరు-పారిశుద్ధ్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం, ప్రాథమిక విద్య-అక్షరాస్యత, సమాజ ఆర్థికాభివృద్ధి, పర్యావరణం అనే ఏడు రంగాల్లో ఒకదానికి ఆ పని చెందాలి. పర్యావరణం 2021లో చేరింది.

సభ్యులు ఫౌండేషన్ వార్షిక నిధికి ఇచ్చిన చందా మూడేళ్లు పెట్టుబడిలో ఉంటుంది. ఆ తర్వాత అందులో దాదాపు సగం వారి డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు క్లబ్బుల సముదాయం) చేతికి తిరిగొస్తుంది. ఆ డిస్ట్రిక్టు నిధి నుంచి గ్రాంటుకు పెట్టిన ప్రతి 100 డాలర్లకు ఫౌండేషన్ ప్రపంచ నిధి 80 డాలర్లు కలుపుతుంది. అంటే రెండు దేశాల డిస్ట్రిక్టులూ కలిసి సుమారు 16,700 డాలర్లు పెడితే మిగతా 13,300 చిల్లర ప్రపంచ నిధి నుంచి వచ్చి 30,000 పూర్తవుతుంది. ఈ శాతాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది నియమాలు డిస్ట్రిక్టు ఫౌండేషన్ చైర్మన్ దగ్గర సరిచూసుకోండి. ఒకటి మాత్రం మారదు. మూడేళ్ల కిందట మీ డిస్ట్రిక్టు సభ్యులు ఏమీ ఇవ్వకపోతే ఈ రోజు అడగడానికి డిస్ట్రిక్టు ఖాతాలో ఏమీ ఉండదు. ఈ ఏడాది మీరిచ్చే చందా మీ తర్వాత వచ్చే ప్రెసిడెంట్ల చేతిలో బోరుబావిగానో, ఇంక్యుబేటర్‌గానో మారుతుంది.

అవసరం ఎవరు చెప్పాలి?

నా దృష్టిలో ఈ అధ్యాయానికి గుండెకాయ ఇది. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

గ్రాంటు అడిగే ముందు సమాజ అవసరాల పరిశీలన జరపాలని ఫౌండేషన్ నియమం. చాలామంది దీన్ని దరఖాస్తులో ఒక గడిగా చూస్తారు. క్లబ్బు మీటింగులో నలుగురు కూర్చుని "మన ఊరికి ఆర్ఓ ప్లాంటు బాగుంటుంది" అనుకుని, ఆ తర్వాత పరిశీలన జరిగినట్టు రాసుకుంటారు. ఈ దొడ్డిదారి వల్లే ఎన్నో మంచి పనులు ఏడాది తిరక్కుండా మూలపడుతున్నాయి.

ఆర్ఓ ప్లాంటునే తీసుకుందాం. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు పళ్లనూ ఎముకలనూ ఎలా పాడుచేశాయో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ శుద్ధినీరు ప్రాణావసరం. అయినా ప్లాంటు పెట్టే ముందు అడగవలసిన ప్రశ్నలున్నాయి. కరెంటు బిల్లు ఎవరు కడతారు? మెంబ్రేన్లు కొన్నేళ్లకోసారి మార్చాలి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? శుద్ధి చేయగా మిగిలిన ఉప్పునీరు ఏ గుంటలోకి పోతుంది? పంచాయతీ ఇప్పటికే పైపులైను వేస్తోందా? ప్లాంటు నడిపేవారికి జీతం ఎవరిస్తారు? క్యాను ఐదు రూపాయలకు అమ్మితే నిర్వహణ ఖర్చు గట్టెక్కుతుందా? ఈ ప్రశ్నలకు ఊరివాళ్ల నోటి నుంచి జవాబులు వచ్చాక కూడా ప్లాంటే కావాలని తేలితే అప్పుడు ముందుకు వెళ్లండి.

బడి మరుగుదొడ్ల సంగతీ అంతే. గదులు కట్టినంత మాత్రాన పిల్లలు వాడరు. నీళ్ల ట్యాంకు, లోపలి నుంచి గడియ, చెత్తబుట్ట, శుభ్రం చేసే మనిషికి నెలజీతం, ఇవన్నీ ఉంటేనే ఎనిమిదో తరగతి ఆడపిల్ల నెలసరి రోజుల్లో కూడా బడికి వస్తుంది. ఇది హెడ్‌మాస్టరు గారిని ఒక్కరినే అడిగితే తెలియదు. క్లబ్బులోని మహిళా సభ్యులు ఆడపిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడాలి. మీ క్లబ్బులో మహిళా సభ్యులు లేకపోతే గ్రాంటు కన్నా ముందు ఆ లోటు తీర్చుకోండి. రోటరీ తన నిబంధన మార్చి మహిళలకు తలుపు తెరిచింది 1989లో. ఇంకా ఆలస్యం చేయడానికి ఏ కారణమూ లేదు.

ఆసుపత్రికి యంత్రం ఇవ్వాలనుకుంటే సూపరింటెండెంటుతో పాటు వార్డు సిస్టర్‌నూ, టెక్నీషియన్‌నూ అడగండి. ఆ యంత్రాన్ని నడిపే మనిషి ఇప్పుడున్నారా, పోస్టు ఖాళీగా ఉందా, ఏడాది తర్వాత మరమ్మతు ఒప్పందం ఎవరి పేర ఉంటుంది, రోజూ వాడే కిట్లు ఎవరు కొంటారు, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. ఇలా రాసుకున్న నాలుగు పేజీలు మీ చేతిలో ఉంటే విదేశీ భాగస్వామి ముందు మీరు తల ఎత్తుకుని మాట్లాడగలరు.

మొదటి ఉత్తరం

భాగస్వామి క్లబ్బును వెతకడం వియ్యం అందుకోవడం లాంటిది. ముందు కుటుంబాలు ఒకరినొకరు తెలుసుకోవాలి, ఇచ్చిపుచ్చుకునే మాటలు ఆ తర్వాతే రావాలి. మొదటి ఉత్తరంలోనే బడ్జెట్ పంపితే అది చదివేవారు పక్కన పెట్టేస్తారు. వాళ్లకు అలాంటి ఉత్తరాలు ఎన్నో దేశాల నుంచి వస్తుంటాయి.

మొదటి ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మీ ఊరు ఎక్కడుంది, ఏం పండుతుంది, ఎందరు ఉంటారు, మీ క్లబ్బు ఎప్పటిది, నిరుడు మీరు సొంతంగా పూర్తిచేసిన ఒక పని ఏమిటి, ఇవి చెప్పండి. వాళ్ల క్లబ్బు చేసిన పనుల గురించి చదివి, అందులో మీకు నచ్చినదాన్ని పేరుపెట్టి రాయండి. ఒకసారి ఆన్‌లైన్‌లో కలిసి మీటింగు పెట్టుకుందామని ఆహ్వానించండి. వాళ్లకు సాయంత్రమైతే మనకు తెల్లవారుజాము కావచ్చు. ఆ అసౌకర్యం మీరే తీసుకుంటే మీ శ్రద్ధ వాళ్లకు వేరే చెప్పకుండానే అర్థమవుతుంది. గొప్ప ఇంగ్లీషు రానవసరం లేదు. చిన్న వాక్యాలు, సరైన అంకెలు, అడిగిన ప్రశ్నకు రెండు రోజుల్లో జవాబు చాలు. జవాబు తెలియకపోతే "కనుక్కుని శుక్రవారంలోగా చెబుతాం" అని రాసి, శుక్రవారంలోగా చెప్పండి. విదేశీ క్లబ్బులు మనవాళ్ల మీద చేసే ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా విన్నది జవాబు రాకపోవడం గురించే.

మన తెలుగువారు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎందరో ఉన్నారు, కొందరు అక్కడి సేవా క్లబ్బుల్లో సభ్యులు కూడా. మీ ఊరి హైస్కూల్లో చదివి అక్కడ స్థిరపడినవారు పరిచయం చేయడానికి ఉత్సాహంగా ముందుకొస్తారు. ఆ సాయం తీసుకోండి. కానీ భాగస్వామ్యం ఆ ఒక్క మనిషితో కాకుండా వారి క్లబ్బుతో ఏర్పడాలి. ఆయన ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్లిపోయినా అక్కడి కార్యదర్శికి మీ పేరు తెలిసి ఉండాలి.

లెక్క

విదేశీ విరాళం ఎవరి సొంత ఖాతాలోకీ, క్లబ్బు మామూలు ఖాతాలోకీ తీసుకోకూడదు. మన దేశంలో దీనికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్.సి.ఆర్.ఏ. అనేది, ఉంది. ఇప్పటి చట్టం 2010లో చేసినది, 2011 నుంచి అమల్లో ఉంది. 2020లో దాన్ని ఇంకా బిగించారు. నమోదైన సంస్థ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే విదేశీ సొమ్ము రావాలి. వచ్చిన సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, ఏటా రిటర్ను దాఖలు చేయాలి. అమెరికాలో ఉన్న స్నేహితుడు "నీ ఖాతాకు పంపేస్తాను, నువ్వు చూసుకో" అంటే ఎంత మంచి మనసుతో అన్నా వద్దని చెప్పండి. గ్రాంటు సొమ్ము మన దేశంలో ఏ దారిన, ఏ రకం ఖాతాలోకి రావాలో డిస్ట్రిక్టువారి దగ్గరా, ఈ చట్టం తెలిసిన ఆడిటర్ దగ్గరా ముందే కనుక్కోండి.

చట్టానికి తోడు కొన్ని కట్టుబాట్లు మీరే పెట్టుకోవాలి. గ్రాంటుకు విడి ఖాతా, చెక్కు మీద రెండు సంతకాలు, ప్రతి కొనుగోలుకు మూడు కొటేషన్లు. సభ్యుడి బావమరిది షాపులో సరుకు కొనాల్సి వస్తే ఆ చుట్టరికం ముందే అందరికీ చెప్పి, ఆ సభ్యుణ్ణి నిర్ణయం నుంచి పక్కన ఉంచండి. ధర తక్కువే కావచ్చు, ఆయన నిజాయితీపరుడే కావచ్చు. అయినా చెప్పాలి. పని ఆలస్యమైతే ఆ సంగతి కూడా భాగస్వామికి రాయండి. వర్షాల వల్ల బోరు ఆగిందని ఫొటోతో సహా తెలిసిన భాగస్వామి ఓపిక పడతాడు. మూడు నెలలు మౌనంగా ఉంటే మాత్రం అనుమానపడతాడు.

మన ఇంట్లో ఒక విదేశీ బిడ్డ

నిధుల గురించి ఇంత చెప్పాక కూడా నా మనసు ఎక్కువగా మొగ్గేది మనుషుల రాకపోకల వైపే. యంత్రానికి పదేళ్ల ఆయుష్షు. పదహారేళ్ల వయసులో మరో దేశపు ఇంట్లో గడిపిన నెలలు ఆ మనిషి జీవితాంతం వెంట ఉంటాయి.

రోటరీ యూత్ ఎక్స్‌ఛేంజి 15 నుంచి 19 ఏళ్ల లోపు పిల్లలకు. దీర్ఘకాలికమైతే ఒక విద్యా సంవత్సరం అక్కడే ఉండి, అక్కడి బడిలో చదువుతూ, సాధారణంగా ఒకటికన్నా ఎక్కువ కుటుంబాల్లో మారుతూ ఉంటారు. విమానం ఖర్చు, బీమా తల్లిదండ్రులవి. తిండి, బస ఆతిథ్య కుటుంబాలవి. నెలకు కాస్త చేతిఖర్చు, బడి ఏర్పాటు అక్కడి క్లబ్బుది. స్వల్పకాలికమైతే సెలవుల్లో కొన్ని వారాలు. వాళ్ల బిడ్డ మన ఇంటికి వస్తుంది, మన బిడ్డ వాళ్ల ఇంటికి వెళ్తుంది.

మన తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. ఇంటర్మీడియట్, ఎంట్రన్స్ పరీక్షల మధ్య ఒక ఏడాది పోతే ఎలా అని. ఆ భయాన్ని కొట్టిపారేయను. మన చదువుల పద్ధతి అలా ఉంది. పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చే వేసవిలో స్వల్పకాలిక ఎక్స్‌ఛేంజికి పంపితే చదువుకు నష్టం ఉండదు. మీ క్లబ్బు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆతిథ్యం ఇవ్వబోయే కుటుంబానికి కొన్ని మాటలు. వచ్చే బిడ్డను చుట్టంలా కాకుండా ఇంటి బిడ్డలా చూడండి. మొదటి వారం రోజూ విందు పెట్టి, నాలుగో వారానికి అలసిపోకండి. మొదటి రోజు నుంచీ మీరు తినేదే పెట్టండి, కారం మాత్రం తగ్గించండి. పెరుగన్నం, ఇడ్లీ, పెసరట్టు చాలామందికి త్వరగా అలవాటవుతాయి. తాగడానికి కాచిన నీళ్లో శుద్ధి చేసిన నీళ్లో ఇవ్వండి. గదికి తలుపు, తలుపుకు గడియ ఉండాలి. తలుపు తట్టకుండా లోపలికి వెళ్లకూడదని ఇంట్లో పిల్లలకూ, పెద్దలకూ చెప్పండి. ఒంటరిగా కూర్చుంటే బెంగపెట్టుకుందేమోనని చుట్టూ చేరకండి, ఆ పిల్లకు కాసేపు ఏకాంతం కావాలేమో అడగండి. కూరగాయల మార్కెట్టుకు తీసుకెళ్లండి, బట్టలు ఆరేయడంలో సాయం అడగండి, తన కంచం తననే కడగనివ్వండి. పెళ్లికి తీసుకెళ్తే ఫొటోల కోసం అందరి మధ్యా నిలబెట్టి ప్రదర్శించకండి. ఒంటి రంగు, బరువు, తల్లిదండ్రుల విడాకులు, ఇలాంటివి మన చుట్టాలు చనువుగా అడిగేస్తారు. ముందే వాళ్లకు చెప్పి ఉంచండి. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆ బిడ్డ అదృష్టం పండినట్టే. భాష రాకపోయినా తలకు నూనె పెట్టి జడ వేసే అమ్మమ్మ దగ్గరే ఎక్కడినుంచో వచ్చిన పిల్లలు ముందు నవ్వుతారు.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. ఆతిథ్య కుటుంబాల్లోని పెద్దలందరి గురించీ ముందే విచారణ జరగాలి. క్లబ్బు పెద్దమనిషి ఇల్లైనా సరే, వెళ్లి గది చూడాలి, చెప్పకుండా కూడా ఒకసారి వెళ్లాలి. ప్రతి విద్యార్థికీ ఒక కౌన్సెలర్ ఉండాలి. ఆ వ్యక్తి ఆతిథ్య కుటుంబానికి చెందినవారై ఉండకూడదు. వేధింపు జరిగిందని బిడ్డ చెబితే ముందు నమ్మి, వెంటనే ఆ ఇంటి నుంచి తప్పించి, పోలీసులకు తెలపాలి. 72 గంటల్లోగా రోటరీ అంతర్జాతీయ కార్యాలయానికి కూడా తెలియజేయాలి. క్లబ్బు పరువు పోతుందని ఎవరైనా అంటే ఆ మాటను అక్కడే ఖండించండి. విదేశీయులకు ఇంట్లో బస ఇచ్చినప్పుడు 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపడం కూడా మర్చిపోకండి. మన బిడ్డ బయల్దేరే ముందు నాలుగు నియమాలు బాగా చెప్పి పంపండి: మద్యం వద్దు, మత్తుమందులు వద్దు, బండి నడపవద్దు, ప్రేమాయణాలు వద్దు. ఏ దేశం వెళ్లినా ఇవే. వీటిలో దేన్ని మీరినా మధ్యలోనే వెనక్కి పంపేస్తారు.

పెద్దవాళ్లకూ దారులున్నాయి. 1965 నుంచి 2013 దాకా గ్రూప్ స్టడీ ఎక్స్‌ఛేంజి పేరుతో సభ్యులు కాని యువ ఉద్యోగులు, వృత్తినిపుణులు బృందంగా మరో దేశానికి వెళ్లి, అక్కడి ఇళ్లలో ఉంటూ, తమ వృత్తి అక్కడ ఎలా నడుస్తుందో చూసి వచ్చేవారు. ఇప్పుడు వృత్తి శిక్షణ బృందాలు, సభ్యుల కోసం ఫ్రెండ్‌షిప్ ఎక్స్‌ఛేంజి ఉన్నాయి. భాగస్వామి క్లబ్బు నుంచి నలుగురు మీ ఊరొచ్చి మీ ఇళ్లలో ఉండి వెళ్తే, ఆ తర్వాత గ్రాంటు మాట ఎంత తేలికవుతుందో మీరే చూస్తారు.

ఇచ్చే చెయ్యి

ఇంగ్లండు నైరుతి మూలన కార్న్‌వాల్‌లో హెల్‌స్టన్-లిజర్డ్ అనే చిన్న రోటరీ క్లబ్బు ఉంది. ఇల్లు పోయిన కుటుంబానికి గుడారం, దుప్పట్లు, వంటసామాను ఒకే పెట్టెలో సర్ది పంపాలన్న ఆలోచనతో 2000లో అది షెల్టర్‌బాక్స్ మొదలుపెట్టింది. మొదటి విడతలో 143 పెట్టెలు వచ్చింది మన గుజరాత్ భూకంప బాధితులకే, 2001లో. న్యూయార్క్ రాష్ట్రంలోని మాన్‌హాసెట్ క్లబ్బు 1975లో ఉగాండా నుంచి ఒక ఐదేళ్ల పాపను రప్పించి గుండె ఆపరేషన్ చేయించింది. అది తర్వాత గిఫ్ట్ ఆఫ్ లైఫ్ అనే ప్రపంచవ్యాప్త కార్యక్రమమైంది. ఈ రెండూ ఊరి క్లబ్బులే.

ఇవ్వగలిగిన స్థితి మనకూ వచ్చింది. చండీగఢ్‌కు చెందిన రాజేంద్ర సాబూ 1991-92లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడిగా పనిచేశారు. 1998లో ఆయన నాయకత్వంలో భారతీయ వైద్యుల బృందం ఉగాండా వెళ్లి అక్కడివారికి శస్త్రచికిత్సలు చేసింది. ఆ తర్వాత మన వైద్య బృందాలు ఆఫ్రికాలోని మరెన్నో దేశాలకు వెళ్లాయి. మీ క్లబ్బులో కంటి డాక్టరో, ఎముకల డాక్టరో, మత్తు డాక్టరో ఉంటే అలాంటి బృందంలో చేరమని అడగండి. డాక్టర్లు లేకపోతే పోలియో నిధికి చందా పంపండి, ఇతర దేశాల్లో వరదో భూకంపమో వస్తే క్లబ్బు తరఫున కొంత సొమ్ము ఫౌండేషన్ విపత్తు నిధికి ఇవ్వండి. ఎక్కడో ఒక తెలియని ఊరికి ఒక్కసారైనా ఇచ్చిన క్లబ్బు తన అవసరం గురించి రాసే ఉత్తరంలో బతిమాలే ధోరణి ఉండదు.

ఏడాది ప్రెసిడెంటు, మూడేళ్ల పని

ఇన్ని ఉన్నా మన క్లబ్బుల అంతర్జాతీయ పనులు మధ్యలో ఆగిపోవడానికి ఒక పెద్ద కారణముంది. జూలై 1న కొత్త ప్రెసిడెంటు వస్తారు. పాతవారు మొదలుపెట్టిన ఉత్తరాలు పాతవారి ఈమెయిల్లోనే ఉండిపోతాయి. కొత్తవారు తమ పేరుతో కొత్త పని మొదలుపెడతారు. అవతలి క్లబ్బుకు ఎవరికి రాయాలో తెలియదు. పరిచయం నుంచి గ్రాంటు మంజూరు దాకా తేలిగ్గా ఏడాది దాటుతుంది, పని పూర్తయి తుది నివేదిక వెళ్లేసరికి ఇంకో ఏడాదో రెండేళ్లో.

అందుకని అంతర్జాతీయ సేవకు మూడేళ్లు మారని ముగ్గురు సభ్యుల కమిటీ వేయండి. క్లబ్బు పేరుతో ఒక ఈమెయిల్ తెరవండి, దాని పాస్‌వర్డు ముగ్గురి దగ్గరా ఉండాలి. ఇప్పటి ప్రెసిడెంటు, రాబోయే ప్రెసిడెంటు, ఆ తర్వాతి ప్రెసిడెంటు, ముగ్గురూ సంతకం చేస్తేనే కొత్త అంతర్జాతీయ పని మొదలుపెట్టాలని తీర్మానం చేయండి. ప్రారంభోత్సవం ఎవరి ఏడాదిలో జరిగినా శిలాఫలకం మీద మనుషుల పేర్లు వద్దనీ, క్లబ్బు పేరు చాలనీ కూడా ఆ తీర్మానంలోనే రాయండి. చాలా తగువులు పుట్టకముందే తీరిపోతాయి.

వచ్చే మీటింగులో లేచి నిలబడి, మన క్లబ్బులో అంతర్జాతీయ సేవ ఎవరు చూస్తున్నారని అడగండి. పేరు వినిపిస్తే వారి పక్కన కూర్చుని ఏ దేశపు క్లబ్బుతో ఎంతవరకు ఉత్తరాలు నడిచాయో తెలుసుకోండి. ఎవరూ లేరంటే మీ పేరు ఇవ్వండి. ఆ ఆదివారమే మీ ఊరి ఆసుపత్రికో, బడికో వెళ్లి, సిస్టర్‌నో పిల్లల్నో కూర్చోబెట్టి వాళ్లకేం కావాలో అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి.